బోర్డు మీద పేరు ఒకటే, సొసైటీలు వేరు: బ్రిటన్‌ కో-ఆప్‌లు ఇన్నెందుకు, ఇలా కలిసిపోతున్నాయెందుకు?

బాటసారి_77
ఈ కో-ఆప్‌ (కొనే మెంబర్లే యజమానులుగా ఉండే సహకార దుకాణాలు) సంగతి ఎవరైనా విడమరిచి చెబుతారా. ఇంగ్లండ్‌ వచ్చిన కొత్తలో ఇంటి పక్క కో-ఆప్‌లో ఒక పౌండు కట్టి మెంబర్‌ అయ్యాను. మొన్న పక్క కౌంటీలో ఫ్రెండ్‌ ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి కో-ఆప్‌లో కార్డు ఇస్తే కౌంటర్‌ అమ్మాయి "ఇది మా దగ్గర పనిచేయదు, మీది వేరే సొసైటీ" అంది. బయట బోర్డు మీద కో-ఆప్‌ అనే ఉంది, లోపల సరుకు కూడా అదే బ్రాండు. ఇంటికొచ్చి వెతికితే గ్రూప్‌ అట, మిడ్‌కౌంటీస్‌ అట, స్కాట్‌మిడ్‌ అట, లింకన్‌షైర్‌ అట. ఒక్కోదాని వెనక పది పాత పేర్లు, ఫలానా ఏడాది ఫలానాదానితో విలీనం అని. అసలు ఒకే సంస్థ ముక్కలైందా, ముక్కలన్నీ చేరి ఒకటయ్యాయా? మెంబర్‌గా నాకు నిజంగా ఓటుందా, పేరుకేనా?

మిల్లుగేటు
ముక్కలే ముందు. చేరుతూ వచ్చాయి, ఇంకా పూర్తిగా చేరలేదు. ఓటు ఉంది, అది ఎంత పనికొస్తుందన్నది మీ సొసైటీని బట్టి.

పాతపుస్తకం
మొదటి నుంచి చెప్తేనే అర్థమవుతుంది, కొంచెం ఓపిక పట్టండి. 1844లో లాంకషైర్‌లో రోచ్‌డేల్‌ అనే మిల్లుల ఊరు. 28 మంది, చాలామంది నేతగాళ్లు, చేతిపనివాళ్లు, వారం వారం రెండు మూడు పెన్నీలు దాచుకుంటూ తలా ఒక పౌండు జమచేశారు. ఆ 28 పౌండ్లతో డిసెంబర్‌ 21న టోడ్‌ లేన్‌లో 31వ నంబర్‌ ఇంట్లో కొట్టు తెరిచారు. అమ్మకానికి పెట్టినవి వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్స్‌ పిండి, కొవ్వొత్తులు. అంతే.

వీళ్లే మొదటివాళ్లు అని చాలామంది అనుకుంటారు, కాదు. స్కాట్లండ్‌లో ఫెన్‌విక్‌ నేతగాళ్ల సంఘం 1761 నాటిది. 1820లు, 30లలో కూడా ఇలాంటి కొట్లు చాలా పుట్టాయి, చాలా పోయాయి, ఎక్కువగా అరువు ఇచ్చి మునిగాయి. రోచ్‌డేల్‌ వాళ్లు చేసిన పని ఏంటంటే నియమాలు గట్టిగా పెట్టుకున్నారు. అరువు లేదు. తూకంలో మోసం లేదు, పిండిలో కల్తీ లేదు (అప్పట్లో పిండిలో పటిక కలపడం మామూలు). బజారు ధరకే అమ్ముతారు. ఖర్చులు పోను మిగిలింది ఎవరు ఎంత కొంటే అంత లెక్కన మెంబర్లకే పంచుతారు, అదే డివిడెండ్‌. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు, ఆడవాళ్లకు కూడా. పార్లమెంటు ఓటు ఆడవాళ్లకు 1918 వరకు లేదని గుర్తు పెట్టుకుని చదవండి ఈ మాట.

ఇక్కడే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. వీళ్లు బ్రాంచీలు పెట్టుకుంటూ దేశమంతా పోలేదు. వీళ్లను చూసి ప్రతి ఊరూ తన సొసైటీ తనే పెట్టుకుంది. మిల్లు ఊరికొకటి, బొగ్గు గని ఊరికొకటి, రైల్వే ఊరికొకటి. 1900 నాటికి 1,400 దాటాయి.

చాయ్‌_పే
1,400 సొసైటీలకి 1,400 మంది ప్రెసిడెంట్లా 😀 మీటింగులకే సరిపోయేది రోజంతా

పాతపుస్తకం
మీటింగులు నిజంగానే ఎక్కువ. 😀 కానీ అవి టైమ్‌పాస్‌ మీటింగులు కావు. రోచ్‌డేల్‌ వాళ్లు మిగులులో నూటికి రెండున్నర వంతు చదువు కోసం తీసి పెట్టేవాళ్లు, కొట్టు పైనే లైబ్రరీ, చదువుకునే గది. ప్రభుత్వ బడులు సరిగా లేని కాలం అది.

లెక్కలమాస్టారు
డివిడెండ్‌ ఎలా పనిచేసేదో చెప్తాను, అది తెలియకపోతే తర్వాత విలీనాలు ఎందుకొచ్చాయో అర్థం కాదు. ఏడాదిలో 20 పౌండ్ల సరుకు కొన్నారనుకోండి. సొసైటీ ఆ ఏడాది పౌండుకు 2 షిల్లింగుల డివిడెండ్‌ ప్రకటించింది. పాత పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి మీకు 40 షిల్లింగులు, అంటే 2 పౌండ్లు. దాన్ని తీసుకోవచ్చు, అక్కడే వాటాగా ఉంచితే దాని మీద పరిమితమైన వడ్డీ వస్తుంది. కూలీ ఇంట్లో అలా ఒకేసారి చేతికొచ్చే డబ్బు అదొక్కటే చాలాసార్లు. పిల్లల బూట్లు, చలికోట్లు దాంతోనే.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ వాటాలు మామూలు కంపెనీ షేర్లలా బజారులో అమ్మేవి కావు. మెంబర్‌ వచ్చి నా డబ్బు నాకివ్వండి అంటే సొసైటీ తిరిగి ఇచ్చేయాలి. అంటే మూలధనం ఎప్పుడైనా తలుపు తీసుకుని వెళ్లిపోవచ్చు. పెద్ద దుకాణం కట్టాలన్నా, గిడ్డంగి కట్టాలన్నా కొత్త షేర్లు జారీ చేసే దారి లేదు. మంచి రోజుల్లో ఇది కనపడదు.

ఉత్తరగాలి
మాస్టారు చెప్పిన బూట్ల మాట అక్షరాలా నిజం. మేముండేది ఇంగ్లండ్‌ ఉత్తరాన. మా పక్కింటి పెద్దావిడ తన తల్లి డివి (డివిడెండ్‌) నంబర్‌ ఇప్పటికీ నిద్రలో లేపినా చెప్తుంది. చిన్నప్పుడు రొట్టెకి పంపితే ముందు ఆ నంబర్‌ చెప్పాలి, కొట్టు ఆయన కాపీ పుస్తకంలో రాసుకుని చిన్న చీటీ చించి ఇస్తాడు, చీటీ పోగొడితే ఇంట్లో దెబ్బలు. ఆవిడ దగ్గర ఒక డబ్బాలో పాల టోకెన్లు కూడా ఉన్నాయి, రేకువి, మీద సొసైటీ పేరు అచ్చు వేసి. రాత్రి గుమ్మంలో పెడితే పొద్దున్నే పాలబండి మనిషి అన్ని సీసాలు పెట్టి వెళ్లేవాడు. డబ్బు గుమ్మంలో పెట్టక్కర్లేకుండా. నా చేతిలో పెట్టి చూపించింది, అంచు దగ్గర అరిగిపోయి ఉంది. ఆ సొసైటీ పేరు ఇప్పుడు ఏ బోర్డు మీదా లేదు.

చాయ్‌_పే
పాలబండి అంటే గుర్తొచ్చింది, జేమ్స్‌ బాండ్‌ షాన్‌ కానరీ ఎడిన్‌బరాలో సెయింట్‌ కత్బర్ట్స్‌ కో-ఆప్‌లో పాలు వేసేవాడు కదా!

పాతపుస్తకం
అవును, 1940లలో. ఆ సెయింట్‌ కత్బర్ట్స్‌ పుట్టింది 1859లో. 1981లో మదర్‌వెల్‌ వైపున్న డాల్జెల్‌ సొసైటీతో కలిసింది, ఆ కలయికే ఇవాళ్టి స్కాట్‌మిడ్‌. బాటసారి గారి లిస్టులో ఒకటి తేలిపోయింది.

గోదారి_గట్టు
అంతా బాగానే ఉంది కానీ 1,400 కొట్లు విడివిడిగా హోల్‌సేల్‌ దగ్గర కొంటే వాళ్లకు బేరం ఎక్కడిది? ఆ రోజే మునగాలి కదా.

పాతపుస్తకం
అందుకే అందరూ కలిసి తమ హోల్‌సేల్‌ తామే పెట్టుకున్నారు. 1862లో వచ్చిన చట్టంతో ఒక సొసైటీ ఇంకో సొసైటీలో వాటా కొనడం కుదిరింది, నష్టమొస్తే మెంబర్ల బాధ్యత కూడా పెట్టిన వాటా వరకే పరిమితమైంది. ఆ మరుసటి ఏడాదే, 1863లో, ఉత్తర ఇంగ్లండ్‌ సొసైటీలు చేరి మాంచెస్టర్‌ కేంద్రంగా హోల్‌సేల్‌ సొసైటీ పెట్టాయి. అదే కో-ఆపరేటివ్‌ హోల్‌సేల్‌ సొసైటీ, సీడబ్ల్యూఎస్‌. 1868లో స్కాట్లండ్‌ వాళ్లు గ్లాస్గోలో తమది పెట్టుకున్నారు. కొన్నాళ్లకు కొనడం దగ్గర ఆగకుండా తయారీలోకీ దిగారు. 1873లో క్రంప్సాల్‌లో బిస్కెట్లు, అదే ఏడాది లెస్టర్‌లో బూట్లు. తర్వాత సబ్బులు, పిండి మిల్లులు, ఓడలు, బ్యాంకు. ఊరి కొట్లన్నీ కలిసి హోల్‌సేల్‌కి యజమానులు. హోల్‌సేల్‌ వాళ్ల మీద పెత్తనం చేయదు, వాళ్లే దాని మీద పెత్తనం చేస్తారు. దీన్ని బాగా గుర్తు పెట్టుకోండి, తర్వాత ఇదే తలకిందులైంది.

చాయ్‌_పే
టీ? టీ లేకుండా ఇంగ్లీషువాళ్ల కొట్టు ఏంటి

మిల్లుగేటు
టీ కోసం ఇంగ్లండ్‌, స్కాట్లండ్‌ హోల్‌సేల్‌లు రెండూ జాయింట్‌గా వేరే సొసైటీ నడిపాయి. సిలోన్‌లోనూ దక్షిణ భారతంలోనూ సొంత తోటలు ఉండేవి. అక్కడ ఆకు కోసిన కూలీలకు మాత్రం ఓటూ లేదు డివిడెండూ లేదు. కొన్నవాళ్ల సంఘం అది, పండించినవాళ్లది కాదు. ఉద్యమం గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఇది కూడా చెప్పుకోవాలి.

సుధ_వి
మిల్లుగేటు గారూ, ఇది ఎవరూ చెప్పరు. థాంక్స్‌.

గోదారి_గట్టు
సరే, నా అభిప్రాయం. కో-ఆప్‌ల కథని ఇక్కడ అందరూ పాత రోజులు బంగారం, విలీనాలు వచ్చి చెడగొట్టాయి అన్న దిశలో తోసుకెళ్తారు. నేను ఒప్పుకోను. విలీనాలు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి చెడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోటికి పైగా మెంబర్లున్న ఉద్యమం ఇది, దేశంలో ఇంతకన్నా పెద్ద చిల్లర వ్యాపారి లేడు. సెల్ఫ్‌-సర్వీస్‌ని ముందు తెచ్చింది కూడా వీళ్లే, లండన్‌ కో-ఆపరేటివ్‌ సొసైటీ 1942లో రోమ్‌ఫర్డ్‌లో మొదలుపెట్టింది. అంత ముందున్నవాళ్లు టెస్కో, సెయిన్స్‌బరీల చేతిలో ఎలా ఓడారు? ఒక్కో సొసైటీకి ఒక ఆఫీసు, ఒక బేకరీ, ఒక డైరీ, ఒక గిడ్డంగి, పక్క ఊరి సొసైటీకి మళ్లీ అవే. సొంత హోల్‌సేల్‌ ఉండి కూడా దాని దగ్గరే కొనాలన్న రూలు లేదు. బయట చవగ్గా దొరికితే బయట కొనేవాళ్లు.

1955లో వాళ్లే ఒక స్వతంత్ర కమిషన్‌ వేసుకున్నారు. చైర్మన్‌ హ్యూ గెయిట్‌స్కెల్‌, సెక్రటరీ ఆంథొనీ క్రాస్లండ్‌, ఇద్దరూ లేబర్‌ పార్టీ పెద్దలు, కో-ఆప్‌లకు శత్రువులు కాదు. 1958 రిపోర్టులో సూటిగా చెప్పారు, వెయ్యికి దగ్గర్లో ఉన్న సొసైటీలను 200 నుంచి 300కి తగ్గించండి అని. చదివి అల్మరాలో పెట్టేశారు.

పాతపుస్తకం
అల్మరాలో పెట్టారనడం కొంచెం ఎక్కువ. విలీనాలు జరిగాయి, కాకపోతే ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎవరూ కలవలేదు. నష్టాలొచ్చి, మెంబర్లు వాటాలు తీసేసుకోవడం మొదలై, ఇక జీతాలు కష్టం అన్నప్పుడు పక్కవాళ్ల తలుపు తట్టారు. అప్పటికి ఇవ్వడానికి మిగిలేది పాత బిల్డింగులూ పెన్షన్‌ బాకీలూ.

లెక్కలమాస్టారు
నేను ముందు చెప్పిన చిక్కు ఇదే. దానికి తోడు 1964. అప్పటిదాకా చాలా సరుకుల ధర తయారీదారుడే ఖరారు చేసేవాడు, ఏ కొట్టయినా దానికన్నా తక్కువకు అమ్మకూడదు. అందరి దగ్గరా ఒకటే ధర అయినప్పుడు డివిడెండ్‌ ఇచ్చే కో-ఆప్‌కి మొగ్గు. 1964 చట్టంతో ఆ పద్ధతి చాలావరకు పోయింది. ఇక సూపర్‌మార్కెట్లు కౌంటర్‌ దగ్గరే ధర కోసేశాయి. ఆరు నెలల తర్వాత వచ్చే డివిడెండ్‌ కోసం ఎవరు ఆగుతారు? డివిడెండ్‌ పౌండుకు కొన్ని పెన్నీలకు పడిపోయింది, చాలా చోట్ల దాని బదులు కొన్నదాన్ని బట్టి ఇచ్చే స్టాంపులు అంటించుకునే పుస్తకాలొచ్చాయి.

ఉత్తరగాలి
స్టాంపుల పుస్తకం కూడా ఉంది ఆవిడ డబ్బాలో. సగం వరకే అంటించి ఉంది.

కొత్తమెంబర్‌
మధ్యలో అడుగుతున్నా. సీఆర్‌ఎస్‌ అని కూడా ఎక్కడో చదివా. సీడబ్ల్యూఎస్‌, సీఆర్‌ఎస్‌ ఒకటేనా?

మిల్లుగేటు
కాదు, ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడేది కాదు. 1934లో సీడబ్ల్యూఎస్‌ తన కింద ఒక రిటైల్‌ సొసైటీ పెట్టింది. పని ఏంటంటే కూలిపోతున్న ఊరి సొసైటీలను తీసుకుని కొట్లు మూతపడకుండా చూడటం, అసలు సొసైటీలే లేని చోట్ల కొట్లు తెరవడం. 1957లో దానికి కో-ఆపరేటివ్‌ రిటైల్‌ సర్వీసెస్‌ అని పేరు మారింది, అదే సీఆర్‌ఎస్‌. పడిపోయినవాటిని ఎత్తుకోవడానికి పుట్టింది కాబట్టి దాని చేతికి వచ్చినవన్నీ జబ్బుపడినవే. 1981లో లండన్‌ కో-ఆపరేటివ్‌ సొసైటీ కూడా దీంట్లోనే కలిసింది. స్ట్రాట్‌ఫర్డ్‌, ఎడ్మంటన్‌ సొసైటీలు 1920లో కలిసి పెట్టుకున్నది, ఒకప్పుడు ఎంత పేరో.

ఈలోగా సీడబ్ల్యూఎస్‌ కూడా మారింది. 1973లో స్కాట్లండ్‌ హోల్‌సేల్‌ దీంట్లో కలవడంతో అక్కడి కొన్ని రిటైల్‌ దుకాణాలు దీని చేతికొచ్చాయి. 1985లో రాయల్‌ ఆర్సెనల్‌ సొసైటీ కలిసింది. వూలిచ్‌లో ఆయుధాల ఫ్యాక్టరీ పనివాళ్లు 1868లో పెట్టుకున్న సొసైటీ అది, వాళ్ల ఇళ్ల కాలనీలు, లైబ్రరీ, అదొక ప్రపంచం. చివరికి హోల్‌సేలరే రిటైలర్‌ అయ్యాడు. పాతపుస్తకం గారు గుర్తుపెట్టుకోమన్న తలకిందులు ఇదే. ఊరి కొట్లకి చెందిన హోల్‌సేల్‌కే ఊరి కొట్లు చెందడం.

సుధ_వి
నేను ఇంతవరకు చదువుతూ ఉన్నా, ఇప్పుడు రాయాల్సిందే. నేను ఒక ప్రాంతీయ సొసైటీలో కొట్లో పనిచేశాను, పేరు చెప్పను. విలీనానికి ముందు మా మేనేజర్‌కి ఊరి దగ్గర పొలం ఉన్న రైతు నుంచి బంగాళాదుంపలు, పక్క బేకరీ నుంచి రొట్టెలు తీసుకునే అధికారం ఉండేది. ఏదైనా తేడా వస్తే హెడ్డాఫీసు బస్సులో అరగంట, డైరెక్టర్లలో ఒకాయన మా కొట్లోనే సరుకులు కొనేవాడు, క్యూలో నిలబడినప్పుడు ఆయన్నే పట్టుకుని అడిగేవాళ్లు జనం. నేను కళ్లారా చూశాను, ఒక ముసలాయన ఫ్రీజర్‌ మోత ఎక్కువైందని డైరెక్టర్‌ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వినిపించాడు. అదే వారం బాగుచేశారు.

విలీనం అయ్యాక అరల ప్లాన్‌ ప్రింటవుట్‌లో వచ్చేది. ఏ వరుసలో ఏ డబ్బా, ఎన్ని. రైతు బంగాళాదుంపలు ఆగిపోయాయి. ధరలు కొంచెం తగ్గాయి, అది నిజం, కొత్త బిల్లింగ్‌ మెషిన్లు వచ్చాయి, జీతం టైముకి వచ్చేది, అదీ నిజం. గోదారి_గట్టు గారు చెప్పినట్టు కలవకపోతే కొట్టే ఉండేది కాదేమో. కానీ "విలీనం వల్ల అంతా మంచే" అంటే మాత్రం నేను ఊరుకోను.

గోదారి_గట్టు
అంతా మంచే అని నేను అనలేదు. కొట్టు ఉండటం మొదటి మంచి అన్నాను. మీ ముసలాయన చెయ్యి పట్టుకోవడానికి ముందు డైరెక్టర్‌ రావాలంటే కొట్టు తెరిచి ఉండాలి కదండీ.

సుధ_వి
తెరిచి ఉండి ఎవరిది అన్నది కూడా ముఖ్యమే.

కొత్తమెంబర్‌
మరి ఆ సీడబ్ల్యూఎస్‌, సీఆర్‌ఎస్‌ రెండూ చివరికి ఎలా కలిశాయి?

పాతపుస్తకం
బయటి దెబ్బ తగిలి. సీడబ్ల్యూఎస్‌, సీఆర్‌ఎస్‌ కలవాలని దశాబ్దాలుగా మాట్లాడుకున్నారు, ఎవరి డైరెక్టర్ల బోర్డు వాళ్లది, ఎవరి కుర్చీ వాళ్లది. 1997లో లండన్‌ సిటీ నుంచి ఒక కంపెనీ సీడబ్ల్యూఎస్‌నే మొత్తంగా కొనేయాలని చూసింది, 120 కోట్ల పౌండ్ల స్థాయి మాట. మెంబర్లు ఒకటిన్నర శతాబ్దం కూడబెట్టిన ఆస్తిని విడగొట్టి అమ్మితే ఎంత లాభమో బయటివాడు లెక్కేసుకున్నాడు, లోపలివాళ్లు ఎప్పుడూ వేసుకోలేదు. అది విఫలమైంది, కానీ భయం పట్టుకుంది. 2000లో రెండూ కలిశాయి, మరుసటి ఏడాది నుంచి కో-ఆపరేటివ్‌ గ్రూప్‌ అన్న పేరు. సీఆర్‌ఎస్‌ హెడ్డాఫీసు చివర్లో రోచ్‌డేల్‌లోనే ఉండేది.

రోచ్‌డేల్‌ పయనీర్లు ఏమయ్యారని ఎవరో అడుగుతారు కాబట్టి నేనే చెప్తున్నా. 1976లో ఓల్డమ్‌తో కలిశారు. ఆ వరస 1991లో యునైటెడ్‌ నార్‌వెస్ట్‌కి చేరింది. 2002లో అది యార్క్‌షైర్‌ కో-ఆపరేటివ్స్‌తో కలిసి యునైటెడ్‌ కో-ఆపరేటివ్స్‌ అయింది. 2007లో యునైటెడ్‌ మొత్తం గ్రూప్‌లో కలిసింది. టోడ్‌ లేన్‌ ఇల్లు మాత్రం 1931 నుంచి మ్యూజియం.

చాయ్‌_పే
వెళ్లాం మ్యూజియంకి పిల్లల్తో. మావాడు త్రాసు దగ్గర నుంచి కదల్లేదు, ముందు గది చిన్నదే. అంత చిన్న గదిలోంచి ఇంత కథ అనుకోలేదు

బాటసారి_77
అయితే నా కార్డు పనిచేయనిది ఇందుకన్నమాట, రెండూ చట్టప్రకారం వేర్వేరు సంస్థలు. మరి సరుకు ఒకే బ్రాండు ఎలా?

లెక్కలమాస్టారు
కొనుగోలు ఒక్కటి కలిపేశారు. 1993లో కో-ఆపరేటివ్‌ రిటైల్‌ ట్రేడింగ్‌ గ్రూప్‌ అని పెట్టి, చేరిన సొసైటీలన్నిటికీ కలిపి ఒకేచోట బేరం, ఒకే బ్రాండు. 2015 నుంచి ఆ పని ఫెడరల్‌ రిటైల్‌ అండ్‌ ట్రేడింగ్‌ సర్వీసెస్‌ చేస్తోంది. ఉమ్మడి ఇంట్లో వంట ఒకచోట చేసుకుని పద్దులు ఎవరివి వాళ్లు రాసుకున్నట్టు. మీ సొసైటీ బోర్డు మీది, మీ మిగులు మీది.

నా దృష్టిలో ఈ దారి ముందే దొరికి ఉంటే సగం విలీనాలు అక్కర్లేదు. 1863లో హోల్‌సేల్‌ పెట్టినప్పుడు ఉన్న ఆలోచన ఇదేగా. కొనడం కలిసి, ఏలుకోవడం విడిగా. మధ్యలో వందేళ్లు దాన్ని సరిగ్గా అమలు చేయక, బేరం కోసం అని ఓట్లు కూడా కలిపేసుకోవాల్సి వచ్చింది.

గోదారి_గట్టు
మాస్టారూ, గిడ్డంగులు, లారీలు, కంప్యూటర్లు, పెన్షన్లు? ఒక్క బేరంతో అయిపోదు. చిన్న సొసైటీకి ఒక సాఫ్ట్‌వేర్‌ మార్చాలంటేనే ఏడాది మిగులు పోతుంది.

లెక్కలమాస్టారు
పోతుంది. అందుకే నడిమి సైజు వరకు కలవడం అర్థవంతమే అంటాను. 2005లో ఆక్స్‌ఫర్డ్‌, స్విండన్‌ అండ్‌ గ్లాస్టర్‌ సొసైటీ, వెస్ట్‌ మిడ్‌లండ్స్‌ సొసైటీ కలిసి మిడ్‌కౌంటీస్‌. అదే ఏడాది ఇప్స్‌విచ్‌ అండ్‌ నారిచ్‌, కాల్చెస్టర్‌ అండ్‌ ఈస్ట్‌ ఎసెక్స్‌ కలిసి ఈస్ట్‌ ఆఫ్‌ ఇంగ్లండ్‌. 2013లో ఆంగ్లియా వెళ్లి మిడ్‌లండ్స్‌తో కలిసింది, ఆ తర్వాత సెంట్రల్‌ ఇంగ్లండ్‌ అన్న పేరు వచ్చింది. ఇవన్నీ పక్కపక్క ప్రాంతాలు, మెంబర్‌ కారేసుకుని ఏజీఎంకి (ఏటా జరిగే మెంబర్ల సభకి) వెళ్లగలిగే దూరం. దేశమంతా ఒకటే అంటేనే నాకు అభ్యంతరం.

మిల్లుగేటు
దేశమంతా ఒకటే అయితే ఏమవుతుందో 2013లో చూశాం. గ్రూప్‌ 2009లో సోమర్‌ఫీల్డ్‌ సూపర్‌మార్కెట్లను 150 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి కొంది. అదే ఏడాది వాళ్ల బ్యాంకు బ్రిటానియా బిల్డింగ్‌ సొసైటీని (ఇళ్ల అప్పులిచ్చే సంస్థ) కలుపుకుంది. 2013లో బ్యాంకు మూలధనంలో 150 కోట్ల పౌండ్ల లోటు బయటపడింది, గ్రూప్‌ ఆ ఏడాది 250 కోట్ల నష్టం చూపించింది. బ్యాంకు చేజారింది. 1872లో సీడబ్ల్యూఎస్‌ ఒక డిపార్ట్‌మెంట్‌గా మొదలుపెట్టిన బ్యాంకు అది. ఇన్ని లక్షల మెంబర్లుండి ఎవరూ ముందు పట్టుకోలేకపోయారు, ఎందుకంటే ఓటు నుంచి బోర్డుకు మధ్య ఏరియా కమిటీలు, ప్రాంతీయ బోర్డులు, అన్ని మెట్లు.

గోదారి_గట్టు
చిన్న సొసైటీల్లో కూడా దివాలాలు బోలెడు, పేపర్లో రాలేదంతే.

మిల్లుగేటు
వచ్చినా ఒక ఊరితో పోయేవి.

కొత్తమెంబర్‌
ఓటు గురించి బాటసారి గారు మొదట్లో అడిగారు, దానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. విలీనం అయితే నన్ను అడుగుతారా లేదా?

పాతపుస్తకం
అడగాలి. విలీనానికి దారులు రెండు. ఒకటి, రెండు సొసైటీలూ కలిసి కొత్త సొసైటీగా నమోదు కావడం. రెండోది ఎక్కువగా జరిగేది, చిన్నది తన ఆస్తులు, అప్పులు, ఒప్పందాలు, మెంబర్లు అన్నీ పెద్దదానికి బదలాయించి తన పేరు రిజిస్టర్‌ నుంచి తీసేయించుకోవడం. ఇప్పుడున్న 2014 చట్టం ప్రకారం బదలాయించే సొసైటీ మెంబర్ల మీటింగులో ఓటేసినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. తర్వాత రెండో మీటింగు పెట్టి మామూలు మెజారిటీతో దాన్ని ఖాయం చేయాలి. రెండు మీటింగుల మధ్య ఆలోచించుకునే టైము అన్నమాట. సొసైటీని మామూలు కంపెనీగా మార్చేయాలంటే ఇంకా కష్టం, అర్హులైన మెంబర్లలో కనీసం సగంమంది ఓటేయాలి, వేసినవాళ్లలో నాలుగింట మూడు వంతులు సరే అనాలి. 1997 లాంటి ప్రయత్నాలు మళ్లీ రాకుండా ఇది మంచి కంచె.

కానీ గమనించండి, విలీనం ఓటులో ఎంతమంది రావాలన్న ఆ సగం లెక్క లేదు. వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు చాలు. లక్షమంది మెంబర్లున్న సొసైటీ భవిష్యత్తు ఒక హోటల్‌ హాల్లో కొన్ని వందలమంది చేతిలో ఉంటుంది.

సుధ_వి
మా దగ్గర ఓటు రోజు నేను వెళ్లాను. ముందు వరుసల్లో అంతా రిటైరైన ఉద్యోగులు, వెనక మేము షిఫ్టు అయ్యాక యూనిఫాంలోనే వెళ్లిన నలుగురం. ఒక పెద్దాయన లేచి "మా ఊరి కొట్టు మూయరని రాసిస్తారా" అని అడిగాడు. వేదిక మీద ఉన్నవాళ్లు కొత్త సొసైటీ వ్యాపార పరిస్థితి, పెట్టుబడి ప్రణాళిక అని ఏదేదో చెప్పారు. ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగాడు, అదే మాటలతో. జవాబు రాలేదు. ఓటింగులో అనుకూలంగా సులభంగా గెలిచింది. రెండో మీటింగుకి మొదటిదాంట్లో వచ్చినంతమంది కూడా రాలేదు.

గోదారి_గట్టు
ఆ కొట్టు ఉందా ఇప్పుడు?

సుధ_వి
ఉంది. పెద్దాయన ఊరిది ఉంది, మాది మూసేశారు.

ఉత్తరగాలి
ఒక్క కొట్టుతోనే నడిచే సొసైటీలు కూడా ఉన్నాయండి. యార్క్‌షైర్‌లో గ్రోస్‌మంట్‌, లేక్‌ డిస్ట్రిక్ట్‌లో కానిస్టన్‌. చుట్టుపక్కలవన్నీ ఎవరో ఒకరితో కలిసినా ఇవి కలవలేదు. గ్రోస్‌మంట్‌ వెళ్తే తప్పకుండా ఏదో ఒకటి కొనండి, చూసి రాకండి. ఆవిరి రైలు దిగి ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లతో కొట్టు నడవదు.

చాయ్‌_పే
బిస్కెట్లయినా కొంటాం లెండి 🙂

బాటసారి_77
ఇంత చెప్పినందుకు అందరికీ థాంక్స్‌. నా కార్డు వెనక చూస్తే నాది గ్రూప్‌ కాదు, ప్రాంతీయ సొసైటీనే. మరి నా ఓటు విలువ ఎక్కువా తక్కువా?

లెక్కలమాస్టారు
ఎక్కువే. 2013 తర్వాత గ్రూప్‌ తన నియమావళి మార్చుకుంది, మెంబర్‌కి నేరుగా ఏజీఎం ఓటు ఇచ్చింది, వంద మంది మెంబర్ల కౌన్సిల్‌ పెట్టింది, అది మంచిదే. కానీ బోర్డులో మెంబర్ల వైపు నుంచి ఎన్నికయ్యే డైరెక్టర్లు నలుగురి వరకే, మిగతావాళ్లు బయటి నిపుణులూ మేనేజ్‌మెంటూ. ప్రాంతీయ సొసైటీల్లో చాలా చోట్ల బోర్డులో ఎక్కువమందిని మెంబర్లే ఎన్నుకుంటారు. మీ సొసైటీ నియమావళి తెప్పించుకుని చదవండి, అడిగితే ఇవ్వాలి. పోటీ చేయడానికి ఎంతకాలం మెంబర్‌గా ఉండాలి, ఏడాదికి ఎంత కొని ఉండాలి అని అందులో ఉంటుంది.

పాతపుస్తకం
పాత పేర్ల చరిత్ర కావాలంటే మాంచెస్టర్‌లో నేషనల్‌ కో-ఆపరేటివ్‌ ఆర్కైవ్‌కి (పాత రికార్డులు దాచే చోటు) వెళ్లండి. వెళ్లే ముందు అపాయింట్‌మెంట్‌ తీసుకోండి. ఒక ఊరి సొసైటీ మినిట్స్‌ పుస్తకం పూర్తిగా చదివాను నేను. ఒక మీటింగులో అరగంట గుర్రం కాలి నొప్పి గురించి, తర్వాత పక్క ఊరి సొసైటీ మన వీధిలో రొట్టె అమ్ముతోందని ఫిర్యాదు, తర్వాత సమ్మెలో ఉన్న గని కార్మికులకు ఎంత సాయం చేయాలన్న చర్చ. అన్నీ ఒకే పేజీలో, ఒకే చేతిరాతలో.

ఉత్తరగాలి
మా పక్కింటావిడ సొసైటీవి కూడా ఉంటాయా? పేరు ప్రైవేట్‌ మెసేజ్‌లో పంపుతా.

పాతపుస్తకం
పంపండి. అన్ని సొసైటీలవీ లేవు, కొన్ని కౌంటీ రికార్డ్‌ ఆఫీసుల్లో ఉన్నాయి, విలీనం అప్పుడు చెత్తలో పోయినవీ ఉన్నాయి. ఏ ఊరు, సుమారు ఏ కాలం అన్నది కూడా రాయండి, కేటలాగ్‌లో చూసి చెప్తాను.

సుధ_వి
బాటసారి గారూ, బోర్డు ఎన్నికల నామినేషన్లకు గడువు ఏజీఎంకి చాలా ముందే ముగిసిపోతుంది, చాలామంది అక్కడే మిస్సవుతారు. సొసైటీ సెక్రటరీకి ఇప్పుడే మెయిల్‌ పెట్టి తేదీ కనుక్కోండి.